నలభై నాలుగు తీపులు

ఆ జీడిమిల్లు మొత్తం మీద మనిషన్నవాడు కూర్చోగలిగిన చోటు ఒక్కటే ఉంది. అది సూదిమంచం. మూడు నెలలకొక బుధవారం పొద్దున్నే నలభై మంది ఆడవాళ్ళు దాని ముందు వరుస కట్టి, వంతు రాగానే దాని మీద కూలబడి, నాలుగు నిమిషాలు కళ్ళు మూసుకుంటారు. మోకాలిలోకి సూది దిగుతుంటే ఎవరూ మొహం చిట్లించరు. ఇక లేవండమ్మా అన్నప్పుడు మాత్రం అందరి మొహాలూ మాడిపోతాయి.

సూది వేసే మనిషి పేరు యామిని. నలభై ఏడేళ్ళుంటాయి. కాగితాల్లో ఆమె హోదా సూదికర్త. ఉద్దానంలో ఆరు జీడిమిల్లులు ఆమె కింద ఉన్నాయి, ఆరింటిలోనూ ఆమెని సూదమ్మ అనే పిలుస్తారు. చెయ్యి తేలికని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె లోపల్లోపల పొంగిపోయేది కూడా. ఆ పొంగంతా ఈ బుధవారం మధ్యాహ్నానికి దిగిపోయింది.

"తర్వాతెవరు?" అంది తలెత్తకుండా.

"ఇంకెవలు, నానే," అంది లహరి.

లహరి యామినికి సొంత అక్క, ఆ పక్క మాటలో అప్ప. అరవై ఒకటి నిండాయి. తల్లి పోయిన ఏడు లహరికి పందొమ్మిది, యామినికి ఐదు. లహరి చదువు మానేసి ఇదే మిల్లులో చేరి, పప్పు ఏరి, చెల్లెల్ని చదివించి సూదికర్తని చేసింది. ఇద్దరిదీ ఇప్పటికీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. లహరిది ఇప్పటికీ అదే పని. గుండు పప్పు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి, మచ్చ పడినది కిందికి. యంత్రాలు ఏరలేవని కాదు. యంత్రం పాడైతే బాగుచేసేవాడు విశాఖ నుంచి రావాలి, లహరి పాడైతే ఒక సూది చాలని మిల్లువాళ్ళ ఉద్దేశం.

ఆ సూదిలోని మందుని కీలుతేనె అంటారు. మోకాళ్ళు అరిగిన మనుషులు ఆసుపత్రి వసారాల్లో గోడలు పట్టుకుని నడిచిన రోజులు యామినికి గుర్తున్నాయి. ముప్పై ఏళ్ళ కిందట కీలుతేనె వచ్చి వాళ్ళందర్నీ లేపి నడిపించింది. అరిగిన కీలులోకి ఎక్కిస్తే అది ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తగా పరుచుకుని, తనలో దాచుకున్న మందుని మూడు నెలలపాటు కొద్దికొద్దిగా వదులుతుంది. నిజం చెప్పుకోవాలి, మొదటి పదేళ్ళూ అది జనానికి మేలే చేసింది. ఆ తర్వాతే శ్రమపీఠం అనే పెద్దల సభకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మోకాళ్ళు నొప్పి పెట్టని దేశంలో కుర్చీలు దేనికని.

ముందు మిల్లుల్లో బెంచీలు పోయాయి. తర్వాత ఆఫీసుల్లో కుర్చీలు, బళ్ళలో టీచర్ల కుర్చీలు, రేషను షాపుల ముందు అరుగులు. బస్సుల్లో సీట్లు పీకేసి వాటికి నిలుబండ్లని పేరు పెట్టారు. యాభై మంది పట్టే బండిలో నూట పది మంది పడుతున్నారని పత్రికలు మురిసిపోయాయి. పదవీ విరమణ అనే మాటని చట్టంలోంచే కొట్టేశారు. ఎవరైనా కూర్చుని పని చేసుకోవాలంటే ఆసనానుమతి తెచ్చుకోవాలి. జనం దాన్ని కూర్చునే చీటీ అంటారు. లహరి ఆ చీటీ కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ ‘అర్జీదారు జానువు తృప్తికరం’ అని ఒకే ముక్క రాసి తిప్పికొట్టారు. జానువంటే మోకాలు. మోకాలని రాస్తే ప్రభుత్వం పరువు పోతుంది కాబోలు.

ఆ జానువు సంగతి యామిని చేతులకి తెలుసు. మోకాలిచిప్ప మీద అరచెయ్యి పెట్టి కాలు వంచితే లోపల ఇసుక నలిగినట్టు ఉంటుంది. ఇంకో రెండేళ్ళు ఇలాగే రోజుకి పది గంటలు నిలబడితే ఆ కాలు ఇక కాలుగా పనికిరాదు. ఈ సంగతి ఆమె పైవాళ్ళకి రెండుసార్లు రాసింది. చేతుల సాక్ష్యం చెల్లదని జవాబొచ్చింది.

చెల్లేది నొప్పిచెవి సాక్ష్యం. సూదిమంచం పక్కన గోడకి బిగించిన అరచేతంత పలక అది. కీలు మీద ఎంత బరువు పడుతోందో, రోజుకి ఎన్ని అడుగులు పడుతున్నాయో చెప్పడానికి కీలుతేనెలోనే కావలికణాలు ఉన్నాయి గానీ, నొప్పి ఎంతుందో ఆ కణాలకి తెలియదు. అది మనిషి నోటినుంచే వినాలని తయారుచేసినవాళ్ళు పట్టుబట్టారు. పట్టు మంచిదే. వెనకటి డాక్టర్లు ఎక్స్‌రే చూసి, నీకేం లేదు పొమ్మనేవారు. నొప్పిచెవి అలా అనదు. అది అడుగుతుంది, వింటుంది, విన్నదాన్ని బట్టి మోతాదు కట్టి, గోడలోపలే సూదిగొట్టం నింపి బయటికి తోస్తుంది. సూదికర్త గుచ్చి నొక్కడమే. ఆమెకి కనిపించేది ఒక దీపం. పచ్చ వెలిగితే ‘సమాధానం తృప్తికరం’ అని శిక్షణ పుస్తకంలో రాసి ఉంది.

లహరి మంచం మీద కూర్చుని, చీర మోకాలి పైకి లాక్కుని, హమ్మయ్య అనుకుంది.

"మీ మోకాలు ఎలా ఉందండి?" అని పలకరించింది నొప్పిచెవి, పెళ్ళివారిని పలకరించినంత మర్యాదగా.

"తీపమ్మా," అంది లహరి. "ఒకటే తీపు. తెల్లార్లూ తీపే."

ఆ పక్క మనుషులకి నొప్పి అనే మాట లేక కాదు. దెబ్బ తగిలితే నొప్పి. కానుపుకి నొప్పులు. ఎముకలోపల్నుంచి తొలుస్తూ, ఆగకుండా, ఎక్కడుందో వేలు పెట్టి చూపించడానికి వీల్లేకుండా ఉండేది మాత్రం తీపు. కాళ్ళ తీపులు, కీళ్ళ తీపులు అని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వింటారు. ఆరు మిల్లుల్లో ఆడవాళ్ళంతా నొప్పిచెవికి చెప్పేది ఆ మాటే.

పచ్చదీపం వెలిగింది. సూదిగొట్టం బయటికొచ్చింది. యామిని స్పిరిటు దూది తీసి మోకాలి పక్కన తుడుస్తుండగా సూపర్వైజరు మోక్షిత్ తలుపు దగ్గర నిలబడి పిలిచాడు.

"సూది కాసేపు ఆపండి మేడం. రాజదాని నుంచి శ్రమపీఠం సారొచ్చినారు. లహరమ్మకి సన్మానమట."

"నాకా?" అంది లహరి. "ఏల బాబూ, నాను ఏటి సేసినాను?"

"ఏమో, కాయితం ఇచ్చినారు. మైకులో సదవాల. మేడం, మీరొకసారి సూసి పెట్టండి, నాకా మాటలు నోరు తిరగవు."

బంగారు అంచున్న దళసరి కాగితం అది. వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా మూగారు. పైన పెద్ద అక్షరాలతో ‘ఉత్తమ జాను పురస్కారం’ అని ఉంది.

"జానెవలే?" అంది వెనకనుంచి దివిజ. "మన పేకింగు జానకేటి? దానికిస్తే మరి లహరప్పనేల పిలుస్తారు?"

అందరూ నవ్వారు. లహరి కూడా నవ్వింది. యామిని నవ్వుతూనే చదవడం మొదలుపెట్టింది.

"శ్రీమతి లహరి గారు గత పదకొండు సంవత్సరములలో నలభై నాలుగు పర్యాయములు తమ జానువును తీపు అని వర్ణించి, కీలుతేనె మాధుర్యమును ముక్తకంఠముతో చాటియున్నారు. వారి ఆనందమునకు అనుగుణముగా ఔషధ భాగమును పర్యాయపర్యాయమునకు తగ్గించుచు వచ్చి, ప్రస్తుతము పూర్తి మోతాదులో ఇరవయ్యవ వంతు మాత్రమే ఇచ్చుచున్నప్పటికీ వారి మాధుర్యానుభూతి ఇసుమంతయు తగ్గకపోవుట..."

మిగతాది కళ్ళతో చదివింది. ఈ ప్రాంతపు కార్మికురాళ్ళలో నూటికి తొంభై ఆరుమంది తమ కీళ్ళను తీపు అంటున్నారట. ఇంత తృప్తి మరే జిల్లాలోనూ లేదట. అందువల్ల డెబ్బై అయిదేళ్ళ లోపువారికి ఆసనానుమతి అవసరమే ఉండదని ప్రయోగపూర్వకంగా రుజువైందట.

"ఆగిపోనావేటే?" అంది లహరి.

"అక్షరాలు చిన్నగా ఉన్నాయప్పా. నువ్వు ఇక్కడే కూర్చో. లేవకు. నేనిప్పుడే వస్తాను."

ఆమె చేతిలో ఇంకా ఆ సూదిగొట్టం ఉంది. వెలుతురుకి ఎత్తి చూసింది. నీళ్ళలా ఉంది. ఏళ్ళుగా అలాగే ఉంటోంది. శిక్షణలో చూసిన కీలుతేనె బంగారు రంగులో ఉండేదని ఆమెకి గుర్తుంది. తర్వాత్తర్వాత వచ్చే సరుకు తెల్లబడిందేమో అనుకుంది. పదకొండేళ్ళపాటు అనుకుంది. ‘సమాధానం తృప్తికరం’ అంటే అడిగినదానికి సరైన సమాధానం వచ్చిందని ఆమె చదువుకుంది. మనిషి తృప్తిగా ఉందని వాళ్ళు రాసుకున్నారు. అంటే అక్క తీపో అని మొత్తుకున్న ప్రతిసారీ ఆ గోడ, ఆహా బాగుందట, మందు ఇంకాస్త తగ్గించు అనుకుందన్నమాట. ఆ తగ్గించిన నీళ్ళని తేలిక చేత్తో అక్క మోకాట్లోకి ఎక్కించింది తనేనన్నమాట.

యామినికి ఒళ్ళు మండిపోయింది. కోపం వస్తే ఆమెకి మాట పెరగదు, అడుగు పెరుగుతుంది. మేనేజరు గది తలుపు తట్టకుండా తోసుకుని లోపలికి వెళ్ళింది.

శ్రమపీఠం ప్రతినిధి పేరు విహాన్. ముప్పై అయిదేళ్ళవాడు, మెత్తని మనిషి, మంచి తెలుగు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ మిల్లులో కుర్చీ ఒకటుందని యామినికి ఆ రోజే తెలిసింది.

"రండి సూదికర్త గారూ. మీ గురించే అనుకుంటున్నాం. ఈ విజయంలో మీ చెయ్యి కూడా ఉంది."

"ఉందండి. అందుకే వచ్చాను," అంది యామిని. కాగితం, సూదిగొట్టం ఆయన ముందు పెట్టింది. "తీపు అంటే ఏమిటో మీకు తెలుసా?"

"తీపి. మాధుర్యం."

"మీకు. మా వాళ్ళకి కీళ్ళలో పుట్టే బాధ పేరు అది. ఎముకలు తొలుస్తుంటే తీపు పెడుతోంది అంటారు. పదకొండేళ్ళుగా వీళ్ళు బాధ బాధ అని ఏడుస్తుంటే మీ నొప్పిచెవి బాగుంది బాగుంది అని రాసుకుంది. మీరు దానికి బంగారు అంచు కట్టారు."

విహాన్ మొహంలో రంగు మారింది. ఆయన దుర్మార్గుడేమీ కాదు. దుర్మార్గుడైతే యామినికి అక్కడే కాస్త తేలికయ్యేది. చేతి పలక తెరిచి, పాత నిఘంటువుల్లో వెతికి, రెండు నిమిషాలు చదివాడు.

"ఉందండి," అన్నాడు. "రెండో అర్థంగా ఉంది. మా పదకోశం వాళ్ళు మొదటి అర్థమే తీసుకున్నారు. మందు పేరులోనే తేనె ఉంది కదా, తీపు అనగానే మందుని మెచ్చుకుంటున్నారనుకున్నారు. పొరపాటే. చాలా విచారకరం."

"తర్వాత?"

"ఇప్పుడే సరిచేయిస్తాను."

నిజంగానే చేయించాడు. పలకలో ఎవరితోనో మాట్లాడాడు, ఎవరో ఇంకెవరితోనో మాట్లాడారు, ఆరు నిమిషాల్లో పని అయిపోయింది. పదకొండేళ్ళు పట్టినదానికి ఆరు నిమిషాలు. యామిని నిలబడే ఉంది.

"అయిందండి. ఈ క్షణం నుంచి తీపు అన్నా నొప్పి అన్నా ఒకటే. మీ అక్కగారికి ఈ రోజే పూర్తి మోతాదు వస్తుంది. బాధ అన్నదే ఉండదు."

"మరి కూర్చునే చీటీ? పాత నలభై నాలుగుసార్లూ లెక్కలోకి తీసుకుని ఇప్పుడైనా ఇవ్వండి."

"పాత సమాధానాలకి అప్పటి అర్థమే చెల్లుతుందండి. వెనక్కి వెళ్ళి మార్చే అధికారం ఎవరికీ లేదు. ఇక ముందంటారా, నొప్పే లేనప్పుడు కుర్చీ దేనికి?"

"ఎముక అరిగిపోతోందండి. నొప్పి తెలియకుండా చేస్తే అరగడం ఆగదు. ఆ నొప్పి వల్లే ఆవిడ గంటకోసారైనా బరువు ఆ కాలి మీంచి ఈ కాలి మీదకి మార్చుకుంటోంది. అది కూడా తీసేస్తే కాలు విరిగేదాకా నిలబడుతుంది."

"కావలికణాల ప్రకారం ఒత్తిడి హద్దుల్లోనే ఉందండి."

"హద్దు ఎవరు గీశారు?"

విహాన్ పలక మూసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు యామిని ఆ కుర్చీ వైపు చూసింది.

"మీకు అనుమతి ఎలా వచ్చిందండి?"

"నడుం," అన్నాడు విహాన్, కొంచెం ఇబ్బందిగా. "రెండేళ్ళ కిందట. నొప్పిగా ఉందని చెప్పాను. ఇచ్చారు."

ఆయనకే ఆ మాట చెవిలో బాగా పడ్డట్టుంది, గొంతు తగ్గించి చెప్పాడు. "ఒక దారి ఉందండి. నిబంధనల్లో ఉన్నదే. సూది వేయించుకోకుండా వరుసగా రెండు విడతలు నొప్పి నమోదైతే ఆసనానుమతి ఇచ్చి తీరాలి. అంటే ఆరు నెలలు. మీ అక్కగారు ఈ రోజు సూది వద్దనుకుని, ఉన్న మాట చెప్పాలి. మూడు నెలల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి మళ్ళీ చెప్పాలి. ఇక జీవితాంతం కూర్చోవచ్చు."

"ఈ రోజు సూది వేయించుకుంటే?"

"పూర్తి మోతాదు ఒక్కసారి పడితే ఆ కీలు నయమైనట్టే రాసుకుంటారు, ఇక నొప్పన్నా అర్జీకి చెల్లదు. అనుమతి రాదు." బంగారు అంచు కాగితం ఆమె వైపు జరిపాడు. "సన్మానం మాత్రం జరగనివ్వండి. కాగితాలు ముద్రించేశారు, శాలువా కూడా తెచ్చాం."

"ఆ శాలువా మీరే కప్పుకోండి. నడుముకి వెచ్చగా ఉంటుంది," అని యామిని బయటికొచ్చేసింది.

దారిలో ఆమెకి కోపంతోపాటు కాస్త ఆశ కూడా పుట్టింది. ఆరు నెలలు. ఇన్నాళ్ళూ ఎక్కించింది ఎలాగూ నీళ్ళే. ఆ నీళ్ళు కూడా లేకుండా ఇంకో ఆరు నెలలు అక్క ఓర్చుకుంటే చాలు. రోజూ రెండుసార్లు కాపడం పెడతాను, నిలుబండి ఎక్కనివ్వకుండా నా సైకిలు మీద తీసుకొస్తాను, తీసుకెళ్తాను అని లెక్కలు వేసుకుంటూ వచ్చింది. చెప్పగానే అక్క సరేనంటుందనడంలో ఆమెకి సందేహమే లేదు. చదువుకున్న చెల్లెలి మాట లహరి ఎన్నడూ తీసెయ్యలేదు.

లహరి చెప్పినట్టే సూదిమంచం మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. యామిని కాగితంలో ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పింది. దాచలేదు. నీళ్ళ సంగతి చెప్పింది, పచ్చదీపం సంగతి చెప్పింది. ఒక్కొక్కరి చెయ్యీ వాళ్ళకి తెలియకుండానే మోకాలి మీదకి పోయింది. దివిజ అమ్మనాబూతులు తిట్టింది. ఎవర్నని తిట్టాలో తెలియక గోడని తిట్టింది.

లహరి తిట్టలేదు. గోడవైపు చూసింది.

"అదేటే, మన మాట దానికి తెల్దా?"

"తెల్దప్పా. ఇవాళే నేర్పినారు."

"పదకొండేళ్ళ నుంచీ తెల్దా?"

"తెల్దు."

"సరే. అది మిషను. ఎవలో ఎక్కడో కుర్సుని సేసినారు. ఆలకి మనూరు తెల్దు, మన మాట తెల్దు." లహరి గోడమీంచి చూపు తిప్పి చెల్లెలి మొహంలోకి చూసింది. "నీకు తెలుసు కదే."

యామిని స్పిరిటు సీసా మూత బిగించింది.

"మొదట్రోజు నాను నిన్నడిగినాను. దానికేటని సెప్పాలే అని. నువ్వేటన్నావు?"

యామినికి గుర్తుంది.

"నాతో ఎలా సెప్తావో అలాగే సెప్పప్పా అన్నావు. అలాగే సెప్పినాను. నలబై నాలుగు సార్లు సెప్పినాను. పక్కనే నిలబడి విన్నావు. దీపం సూసినావు, గుచ్చినావు. సందేళ ఇంటికొచ్చి అదే కాలికి ఉప్పు కాపడం ఎట్టినావు. సూదేసిన కాలికి మల్లా కాపడం ఏలా అని ఒక్కరోజు అనుకోనేదేటే?"

"వయసు వల్ల అనుకున్నానప్పా. ఇంతకన్న తగ్గదేమో అనుకున్నాను. పైవాళ్ళకి రాశాను..."

"ఆలకి రాసినావు. నన్నడగనేదు."

యామిని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గబగబా అసలు సంగతి చెప్పింది. ఆరు నెలలు ఆగాలి, ఈ రోజు సూది వద్దనాలి, తర్వాత చీటీ ఖాయం. ఈ రోజు పూర్తి సూది పడిందా, ఇక జన్మకి కుర్చీ రాదు, లోపల ఎముక నలుగుతున్నా తెలియదు, రెండేళ్ళలో కాలు పోతుంది. నా మాట వినప్పా, ఈ ఒక్కసారి విను అని రెండు చేతులూ పట్టుకుంది.

లహరి అంతా విన్నది. చేతులు మెల్లగా విడిపించుకుంది. గోడవైపు జరిగి, నొప్పిచెవికి ఎదురుగా కూర్చుంది.

"మీ మోకాలు ఎలా ఉందండి?"

లహరి పెదవులు తడుపుకుంది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా ఒక్కో అక్షరం విడదీసి పలికింది.

"నొప్పిగా ఉందండి. చాలా నొప్పిగా ఉందండి."

అరవై ఒక్క ఏళ్ళలో ఆమె తన మోకాలి గురించి ఆ మాట వాడడం అదే మొదటిసారి. ఎర్రదీపం వెలిగింది. గోడలో ఏదో కదిలి, ఎప్పటికన్నా ఎక్కువసేపు చప్పుడు చేసి, సూదిగొట్టాన్ని బయటికి తోసింది. నిండా బంగారు రంగు. వరుసలో ఉన్నవాళ్ళంతా తొంగి చూశారు.

"అప్పా, వద్దు."

"వెయ్యండి," అంది లహరి.

యామినికి ముందు అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తల తిప్పి చూసింది కూడా.

"నాతో అండి అంటావేటప్పా?"

"మీకు మా మాటలు తెలియవు కదండీ. అందుకని," అంది లహరి. కోపంగా అనలేదు. గోడతో మాట్లాడిన మర్యాదతోనే అంది. "మీకు వీలవకపోతే చెప్పండి. ఇంకొకరిని పంపించమని అడుగుతాను."

ఐదేళ్ళప్పుడు చంకనెత్తుకుని తిప్పిన మనిషి, నిన్న సాయంత్రం వరకూ ఒలే గుంటా అని చనువుగా పిలిచిన మనిషి. యామినికి ఆ గోడని గోళ్ళతో పీకెయ్యాలనిపించింది. ఆ పదకోశం రాసినవాళ్ళని ఇక్కడికి లాక్కొచ్చి పదకొండేళ్ళు నిలబెట్టాలనిపించింది. తన చెవులు తనే కోసుకోవాలనిపించింది. ఏం చేసినా ఆ అండి వెనక్కి పోయేలా లేదు.

ఆమె సూది తీసుకుంది. స్పిరిటుతో తుడిచింది. చిప్ప అంచున వేలితో తడిమి, సందు చూసి, గుచ్చింది. చెయ్యి ఎప్పటిలా తేలిగ్గా పోలేదు. బంగారు రంగు మెల్లమెల్లగా అక్క మోకాట్లోకి దిగిపోయింది. కీలుతేనె లోపలంతా పాకడానికి అలవాటుగా కాలిని పదిసార్లు వంచి చాపింది. అరచేతి కింద ఇసుక నలుగుతూనే ఉంది.

నాలుగు నిమిషాలయ్యాక లహరి కళ్ళు తెరిచింది. కాలు తనే వంచింది. మళ్ళీ వంచింది. మొహంలో బిగువంతా సడలిపోయి, ఆమె ఒక్కసారిగా పదేళ్ళు చిన్నదానిలా కనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది సుఖమో, ఇంత సుఖం పదకొండేళ్ళుగా గోడకి అవతలే ఉందని తెలిసిన ఉక్రోషమో యామిని చూసి చెప్పలేకపోయింది. ఇంతకు ముందైతే చెప్పగలిగేది.

"ఎలా ఉందప్పా?"

"బాగుందండి. థాంక్సండి."

వెనక వరుసలో ఆడవాళ్ళు పెదవులు కదుపుతున్నారు. నొప్పి, నొప్పిగా ఉందండి, చాలా నొప్పిగా ఉందండి అని ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. తీపు అన్నా ఇప్పుడు దానికి తెలుసు, మీ మాటే చెప్పండి అని యామిని వాళ్ళతో అంది. ఒక్కరూ ఆ మాట నోట పెట్టలేదు. దివిజ వచ్చి మంచం మీద కూర్చుంటూ, "నమస్కారమండి," అంది గోడకి. తర్వాత యామినికి కూడా అంది.

లహరి లేచి నిలబడింది. గోడ పట్టుకోలేదు, ఎవరి భుజమూ పట్టుకోలేదు. చీర సర్దుకుని తన బల్ల వైపు వడివడిగా నడిచింది. చుట్టూ పప్పు గుట్టలు పోసి ఉన్న ఆ బల్ల ముందు రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి నిలబడి పని అందుకుంది. యామిని వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"అప్పా, సాయంత్రం నిలుబండి వద్దు. నాను సైకిలు తెస్తాను. కలిసెల్లిపోదాం."

లహరి ఒక గుండు పప్పు తీసి కుడి పక్కన వేసింది.

"మీకెందుకండీ శ్రమ," అంది తలెత్తకుండా. "నేను నడిచే వెళ్తాను. ఇప్పుడు నడవగలను."